విత్తనాల ప్లాంటులో నోళ్లు మూతపడ్డ సీజన్

మేడ్చల్ దగ్గర ఒక విత్తనాల ప్లాంటులో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. కంపెనీ పేరు మీకు అక్కర్లేదు. ల్యాబులో మొలకలు చూసే అమ్మాయిగా చేరాను, ప్లాంటు మొత్తం చూసుకునే మేనేజరుగా రిటైరయ్యాను. మధ్యలో ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో నాకే సరిగ్గా గుర్తులేదు, మీకూ చెప్పను.

మా కాలనీలో ఇప్పుడు సూపర్‌వైజర్లుగా, మేనేజర్లుగా కొత్తగా చేరిన పిల్లలు చాలామంది ఉన్నారు. పొద్దున్నే మెడలో ఐడీ కార్డుతో, చెవిలో ఇయర్‌ఫోన్లతో కంపెనీ బస్సు కోసం నిలబడతారు. ఏం వింటున్నావు నాయనా అని ఒకబ్బాయిని అడిగాను. "లీడర్‌షిప్ మీద టాక్ ఆంటీ" అన్నాడు. ఎవరు మాట్లాడుతున్నారంటే ఎవరిదో పేరు చెప్పాడు. ఆ పెద్దమనిషి నాకు తెలియదు కానీ, ఆ జాతి మనుషుల్ని దగ్గరగా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

పని చేయించడం అంత కష్టమేమీ కాదు. సీజన్లో లారీలు గేటు బయట వరుసగా నిలబడి ఉంటే ఎవరూ ఖాళీగా కూర్చోరు. కష్టమైన సంగతి వేరే ఉంది. ఏదైనా తప్పు జరుగుతుంటే, దాన్ని చూసిన మనిషి మీ దగ్గరికి వచ్చి చెప్పాలి. అంతే. దీనికి మించిన నాయకత్వం నేను చూడలేదు. దీన్ని వదిలేసి మిగతావన్నీ చేసిన మహానుభావుల్ని మాత్రం కావలసినంత మందిని చూశాను.

మాటను వెక్కిరించిన మనిషి

మా ప్లాంటులో పికింగ్ బెల్ట్ అని ఒకటుండేది. గ్రేడింగ్ మిషన్ నుంచి వచ్చిన గింజలు ఆ బెల్టు మీద మెల్లగా కదులుతూ పోతాయి. రెండు వైపులా ఆడవాళ్లు కూర్చుని పగిలినవి, పురుగు తిన్నవి, వేరే రకానివి ఏరేస్తారు. అక్కడి నుంచి ముందుకు పోయాక గింజలకు ఎర్రటి మందు పూత పడుతుంది. పూత పడ్డాక అన్నీ ఒకే రంగు, ఏ గింజ ఏ రకమో ఎవరూ చెప్పలేరు. అందుకని విత్తనాన్ని విత్తనంగా చూసే ఆఖరి కళ్లు ఆ బెల్టు దగ్గరివే.

అక్కడ అందరికీ పెద్ద దిక్కు యాదమ్మ. రావల్కోల్ నుంచి ఆటోలో వచ్చే ఆడవాళ్లకు ఆమే నాయకురాలు. ఆ పదవి ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, తీసేయడం కూడా ఎవరి వల్లా కాలేదు.

నాది తెనాలి వైపు. మేం మొక్కజొన్న అంటే వాళ్లు మక్కలు అంటారు. మొదట్లో నాకు కొన్ని మాటలు అర్థమయ్యేవి కావు, అడిగి తెలుసుకునేదాన్ని. మా వైపు నుంచే వచ్చిన సూపర్‌వైజర్ ఒకడుండేవాడు. అతనికి అన్నీ అర్థమయ్యేవి, కానీ వెక్కిరించడమంటే సరదా. "ఏమైతాంది యాదమ్మా? గిట్లెందుకైతాంది?" అని సాగదీసి పలికి, పక్కనున్న ఆఫీసు వాళ్లను చూసి నవ్వేవాడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఈ జనంతో వేగలేం మేడం, అడిగితే నోరు విప్పరు" అని వాపోయేవాడు.

ఒకరోజు యాదమ్మను అడిగాను, ఆ సారుతో ఎందుకు మాట్లాడరని.

"ఆయన మాట మాకు సమజైతది మేడం. మా మాటనే ఆయనకు నవ్వులాటైంది. ఇగ ఏం మాట్లాడాలె?" అంది.

అతను ఎక్కువకాలం ఉండలేదు. తర్వాత చేరిన చోట కూడా జనం మాట్లాడరనే చెప్పుకుంటున్నాడని విన్నాను. మనిషి వెళ్లిన ప్రతిచోటా జనం మూగవాళ్లే అయితే లోపం ఎక్కడుందో ఆలోచించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అతనికి పెద్ద చదువే ఉంది.

తాను లేకపోతే జరగదన్న మనిషి

నేను చేరినప్పటి మేనేజరు కృష్ణారావు గారు. ఆయన పేరు చెబితే పాతవాళ్లు ఇప్పటికీ చేతులు జోడిస్తారు. నేను సగమే జోడిస్తాను.

ఆయన ఎవరినీ మెచ్చుకున్నట్టు నాకు గుర్తులేదు. కానీ పొద్దున ఆఫీసు గదిలోకి వెళ్లేముందు ప్లాంటంతా తిరిగేవారు. ప్రతి మిషన్ దగ్గరా ఆగి, "ఏమన్నా ఇబ్బందుందా?" అని అడిగేవారు. అడిగి, అక్కడే నిలబడేవారు. ఆ నిలబడటంలోనే ఉంది అంతా. మనలో చాలామంది అడుగుతూనే ముందుకు నడుస్తాం. అవతలి మనిషి గొంతు సవరించుకునేలోపు మనం పక్క మిషన్ దగ్గర ఉంటాం. ఆయన కదిలేవారు కాదు. ఏమీ లేదు సారు అన్నా ఇంకాసేపు నిలబడేవారు. అప్పుడు బయటికొచ్చేది అసలు సంగతి.

ఇది ఆయన మంచి. ఇక రెండోది. ఆయన ఎవరికీ ఏమీ నేర్పలేదు. తేమ ఎంతుంటే గింజ ఆరబెట్టడం ఆపాలి, ఏ రకానికి ఏ జల్లెడ వేయాలి, ఏ రైతు సరుకు నమ్మొచ్చు, అంతా ఆయన తలలో ఉండేది. ఎవరైనా నేర్చుకోబోతే, "నేనున్నాగా" అనేవారు. తాను సెలవు పెడితే ప్లాంటు ఆగిపోతుందని గర్వంగా చెప్పుకునేవారు. ఒక సీజన్ మధ్యలో ఆయనకు గుండె జబ్బు వచ్చి ఆసుపత్రిలో చేరారు. ప్లాంటు నిజంగానే ఆగిపోయింది. మేమంతా ఆసుపత్రి గదిలో నిలబడి, మంచం మీదున్న మనిషిని జల్లెడ సైజులు అడిగాం. ఆయన భార్య మమ్మల్ని చూసిన చూపు నేను మరిచిపోలేదు.

దాన్ని అంకితభావం అని పొగిడారు చాలామంది. నేను చేతకానితనం అంటాను. మనుషుల్ని పెంచకుండా వాళ్లకు అవసరమై కూర్చోవడం ఒక రకం పిసినారితనం.

కుటుంబం అన్న మనిషి

కృష్ణారావు గారి తర్వాత హైదరాబాదు ఆఫీసు నుంచి మోహన్ గారు జనరల్ మేనేజరుగా వచ్చారు. అంతకుముందు ఎక్కడో సబ్బులు అమ్మే కంపెనీలో ఉన్నారట. నేను అప్పటికి నాణ్యత చూసే విభాగానికి పెద్దను.

మొదటిరోజే అందర్నీ గోడౌన్లో కూర్చోబెట్టి, "ఇకనుంచి మనమంతా ఒక టీమ్, ఒక కుటుంబం" అన్నారు. ఆ కుటుంబంలో సగంమందిని సీజన్ అయిపోగానే ఇంటికి పంపేస్తారు, మళ్లీ సీజన్ వస్తేనే పిలుస్తారు. ఏ కుటుంబంలో అయినా అలా చేస్తారా అని నాకు అడగాలనిపించింది. నా కంటే ముందే వెనక నుంచి యాదమ్మ గొంతు వినిపించింది, పక్కామెతో అంటోంది. "కుటుంబమంట. మరి వానకాలం పోయినంక కూడు ఎవలు పెడ్తరో."

మీకు ఉద్యోగం ఇచ్చినవాడు కుటుంబం అన్నాడంటే జాగ్రత్త పడండి. మీరే ఆ మాట అంటున్నారంటే ఇంకా జాగ్రత్త పడండి. జీతం సమయానికి ఇచ్చి, మర్యాదగా మాట్లాడి, సాయంత్రం ఇంటికి పంపండి. కుటుంబం వాళ్లకు ఇంటి దగ్గర ఉంది.

తర్వాత ప్రతి ఉదయం మీటింగ్ మొదలైంది. మిషన్లు వేయడానికి ముందు అందరూ గుండ్రంగా నిలబడాలి, ఒకరికొకరు చప్పట్లు కొట్టాలి, ఎవరో ఒకరు ఒక మంచి మాట చెప్పాలి. గోడకు ఒక బోర్డు వచ్చింది, ఆ నెల ఉత్తమ ఉద్యోగి ఫోటోతో. మొదటి ఫోటో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అతనిది. వారం తిరక్కుండానే అతను బౌరంపేట్‌లో ఏదో బడి బస్సు నడపడానికి వెళ్లిపోయాడు. ఫోటో మాత్రం చాలాకాలం అక్కడే ఉండి, మాలో అందరికంటే ఉత్తముడిగా నవ్వుతూ ఉండేది.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయదగ్గవే. వదిలేయలేనిది ఇంకొకటి. ఉత్పత్తి లైన్ ఎక్కడైనా ఆగితే, ఆపినవాళ్లు మర్నాడు మీటింగులో మధ్యలోకి వచ్చి నిలబడి ఎందుకు ఆపారో అందరికీ చెప్పుకోవాలి. దీనికి ఆయన పెట్టిన పేరు బాధ్యత.

మొదట నిలబడింది శ్రీశైలం. గ్రేడింగ్ మిషన్ ఆపరేటర్, ప్లాంటులో పాత మనిషి. గింజల్ని కిందినుంచి పైకి మోసుకెళ్లే బకెట్ల బెల్టును మేం ఎలివేటర్ అంటాం. దాని చప్పుడు మారిందని అతను లైన్ ఆపి, తెరిచి చూశాడు.

"ఎందుకు ఆపారు?" అన్నారు మోహన్ గారు.

"సప్పుడు తేడా గొట్టింది సారు. బకెట్ ఊడుతాందేమో అని ఆపిన."

"ఊడిందా?"

"లేదు సారు."

"అంటే ఊరికే ఆపారు."

"ఊడినంక ఆపితే ఏం ఫాయిద సారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మోహన్ గారి ముఖం మారింది. "సాకులొద్దు. బాధ్యత తీసుకోండి. టీమ్‌కు సారీ చెప్పండి."

శ్రీశైలం నేలవైపు చూస్తూ సారీ చెప్పాడు. మోహన్ గారు అందర్నీ చప్పట్లు కొట్టమన్నారు. తప్పు ఒప్పుకున్నందుకట. ఆ చప్పట్లు మోగుతుంటే శ్రీశైలం చెవులు ఎర్రబడటం చూశాను.

మీటింగ్ అయ్యాక ఆయన గదికి వెళ్లి చెప్పాను. "సార్, చప్పుడు విని ఆపినవాడిని నిలబెడితే, రేపు చప్పుడు విన్నవాడు వినలేదంటాడు."

ఆయన చిరునవ్వు నవ్వారు. "మేడం, మీరు కొంచెం పాత స్కూలు. మనుషులకు ఓనర్‌షిప్ నేర్పాలి. ఒక నెల చూడండి, స్టాపేజీలు ఎలా తగ్గుతాయో."

అది నిజమే. తగ్గాయి. నెల తిరిగేసరికి మా ప్లాంటులో లైన్ ఆగడం అనేదే లేదు. ఆ సంగతి పై ఆఫీసుకు రంగురంగుల బొమ్మలు వేసి పంపారు. మిషన్లు బాగుపడలేదు, మనుషులు మాట్లాడటం మానేశారు. రెండూ కాగితం మీద ఒకలాగే కనిపిస్తాయి.

షామీర్‌పేటలో ఒక ఆదివారం

ఆ ఆనందంలో మోహన్ గారు మమ్మల్ని షామీర్‌పేట చెరువు దాటాక లోపలికి ఉన్న ఒక రిసార్టుకు తీసుకెళ్లారు. ఆదివారం. వారమంతా బెల్టు దగ్గర కూర్చునే ఆడవాళ్లకు ఇల్లు చూసుకోవడానికి దొరికే రోజు అదొక్కటే. రాకపోతే టీమ్ స్పిరిట్ లేదంటారని అందరూ వచ్చారు.

అక్కడ తెల్ల టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు మాతో ఆటలాడించాడు. ఒక ఆటలో మనిషి కళ్లు మూసుకుని వెనక్కి పడిపోవాలి, వెనకున్నవాళ్లు పట్టుకోవాలి. నమ్మకం పెరుగుతుందట.

ముందు యాదమ్మను పిలిచాడు.

"సీరె గట్టుకొని ఎనకకు పడాల్నా బిడ్డా? నా నడుం విరిగితే నువ్వొచ్చి వండుతవా?" అంది. కుర్రాడు మళ్లీ ఆడవాళ్ల వైపు రాలేదు.

మోహన్ గారు తానే ముందుకొచ్చారు. చేతులు ఛాతీ మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని వెనక్కి పడ్డారు. సూపర్‌వైజర్లంతా ఒకరి మీద ఒకరు పడి మరీ పట్టుకున్నారు. పూలబుట్టను దించినట్టు దించారు. ఆయన లేచి, "చూశారా? ఇదీ టీమ్ అంటే" అన్నారు. అధికారిని పట్టుకోవడానికి నమ్మకంతో పనిలేదని అక్కడున్న అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

తర్వాత శ్రీశైలాన్ని పిలిచారు. "నేనే పట్టుకుంటాను, రండి" అని మోహన్ గారు వెనక నిలబడ్డారు. శ్రీశైలం కాసేపు తటపటాయించి, వీపు తిప్పి, కళ్లు మూసుకున్నాడు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. పై ఆఫీసు నుంచి. ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని, "సార్, చెప్పండి సార్" అంటూ చెరువు వైపు నడిచివెళ్లారు. శ్రీశైలం వెనక గడ్డి తప్ప ఏమీ లేదు. అతను వాలబోతుంటే నేను కేకేశాను. కళ్లు తెరిచి వెనక్కి చూశాడు. దూరంగా ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్న మోహన్ గారిని చూశాడు.

"పడకుంటనే సమజైంది మేడం. జర మంచినీళ్లు తాగొస్త" అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం బిర్యానీ పెట్టారు. "మస్తుగున్నది మేడం. గిది చేతుల వెట్టి ఇంటికి పంపితే ఇంక మంచిగుండు" అంది యాదమ్మ. టీమ్‌ను ఎలా సంతోషపెట్టాలో ఇన్నేళ్లలో నేను విన్న సలహాల్లో అదే ఉత్తమమైనది.

కలిసిపోయిన గింజలు

తొలకరి దగ్గర పడుతోంది. అన్ని జిల్లాలకూ మొక్కజొన్న విత్తనం ఒకేసారి పోవాలి. అప్పట్లో రెండు రకాలు నడుస్తున్నాయి. ఒకటి తొందరగా కోతకు వచ్చేది, గింజ ముదురు నారింజ రంగు. రెండోది ఆలస్యంగా వచ్చేది, గింజ లేత పసుపు. ఒక రకం అయిపోయి రెండోది వేసేటప్పుడు మిషన్లు, ఎలివేటరు, పెద్ద పెద్ద డబ్బాలు అన్నీ విప్పి గాలి కొట్టి శుభ్రం చేయాలి. లేకపోతే పాత గింజలు కొత్తవాటితో కలుస్తాయి. కలిసిన విత్తనం పొలంలో పడితే ఒక మొక్క కంకి వేసి ఎండుతుంటే పక్కది ఇంకా పచ్చగా నిలబడి ఉంటుంది. రైతుకు ఆ పంట పోయినట్టే.

అలా రకం మార్చిన ఒక రోజు షిఫ్టు సూపర్‌వైజర్ ప్రణీత్. ఇంజినీరింగ్ చదివి కొత్తగా చేరినవాడు, మంచి పిల్లాడు, మోహన్ గారంటే హడలు. శుభ్రం చేయడానికి ఇంకా సమయం కావాలని శ్రీశైలం అతన్ని అడిగాడు. ఇంకాసేపు ఆగితే స్టాపేజీ కింద పడుతుంది, పొద్దున నిలబడాల్సి వస్తుంది అని ప్రణీత్ భయపడ్డాడు. పైపైన ఊడ్చి లైన్ వేశారు.

ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే యాదమ్మ పక్కకు వచ్చింది. గిన్నె తోముతూ నా వైపు చూడకుండా అడిగింది.

"మేడం, పొద్దుగాల పోయిన లారీ ఎటు దిక్కు పోతది?"

"సిద్దిపేట వైపు. ఎందుకు?"

"ఊకెనే అడిగిన. మా ఆడిబిడ్డనిచ్చింది గాడనే. గీసారి వాళ్లు మక్కలేస్తరంట."

ఊకెనే అడిగిన మనిషి అప్పటికే శుభ్రమైన గిన్నెను అలా తోముతూనే ఉండదు. నేను కుళాయి కట్టేసి అక్కడే నిలబడ్డాను. ఏమీ అడగలేదు. కృష్ణారావు గారి దగ్గర నేను నేర్చుకున్నది అదొక్కటే.

కాసేపటికి ఆమే అంది. "మేడం, నా పేరు రాకుండ సూసుకోండ్రి. నిన్న మందు పూత పడకముందటి గింజలు ఒక్కపారి తీసి సూడుండ్రి."

పూత వేసేముందు ప్రతి సరుకు నుంచీ కాస్త తీసి ల్యాబులో ఉంచుతాం. వెళ్లి ఆ సంచి విప్పి తెల్లకాగితం మీద పోశాను. లేత పసుపు గింజల మధ్య అక్కడక్కడా నారింజవి, నిప్పురవ్వలు చల్లినట్టు. చేయి పెట్టిన ప్రతిచోటా తగిలాయి. ఎప్పుడో ఒకటి తప్పించుకుపోయిన లెక్క కాదు అది.

లారీ డ్రైవరుకు ఫోన్ చేశాను. "ఎక్కడున్నావు?"

"షామీర్‌పేట కాడ ఆగిన మేడం. టైరు పంచరైంది, ఏపిస్తున్న."

పొద్దున బయల్దేరినవాడు అక్కడే ఉన్నాడంటే ఏదో అదృష్టం. "టైరు వేయించుకుని బండి వెనక్కి తిప్పు. ఎవరు ఫోన్ చేసినా ముందుకు పోవద్దు" అన్నాను.

తర్వాత బెల్టు దగ్గరికి వెళ్లి లైన్ నేనే ఆపాను. ఆడవాళ్లంతా తలవంచుకుని కూర్చున్నారు. ఒక్కరు కూడా ఏమైందని అడగలేదు. అప్పుడు అర్థమైంది నాకు, అందరూ చూశారని.

మీటింగ్

లారీ సాయంత్రానికి సరుకుతో వెనక్కి వచ్చింది. మర్నాటి ఉదయం మోహన్ గారు చప్పట్లు కొట్టించలేదు. గుండ్రంగా నిలబెట్టి, "దీనికి బాధ్యులెవరు?" అన్నారు. ఎందుకు జరిగిందని అడగలేదు. ఎవరు అనే అడిగారు. శ్రీశైలం వైపే చూస్తున్నారు. మిషన్ శుభ్రం చేయాల్సింది అతనే కాబట్టి అతన్ని ఆరోజే పంపించేయాలని అంతకుముందే నాతో అన్నారు. సమయం ఇవ్వకుండా శుభ్రం ఎలా చేస్తాడని నేనంటే, అది తర్వాత మాట్లాడదాం అన్నారు.

శ్రీశైలం ఒక అడుగు ముందుకు వేశాడు. ఈలోపు వెనకనుంచి యాదమ్మ వచ్చి అతని పక్కన నిలబడింది. పేరు రాకుండా చూడమని నన్ను బతిమాలిన మనిషి.

"సారు, నేను సూసిన. బెల్టు మీద వేరే రకం గింజలు వస్తాంటే సూసిన."

మోహన్ గారు అటు తిరిగారు. "చూసి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే బెల్టు ఆపాలె. ఆపితే ఈడ నిలవెడ్తరు. గీ వయసుల అందరి ముంగట నిలబడి సారీ చెప్పుడు నాతోని కాదు. అందుకే ఊకున్న."

ఆయన ఏదో అనబోయారు. ఇంకొకామె కదిలింది. "నేను గూడ సూసిన సారు." ఆమె పక్కామె, "నేను గూడ." బెల్టు దగ్గర కూర్చునే ఆడవాళ్లు ఒక్కొక్కరే మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. గుండ్రంగా ఉన్నవాళ్లు తగ్గిపోయి మధ్యలో ఉన్నవాళ్లు ఎక్కువయ్యారు. ఆఖర్న ప్రణీత్ వచ్చాడు. "నేనూ చూశాను సార్. టైమ్ సరిపోదని శ్రీశైలం అన్న చెప్పాడు. నేనే వద్దన్నాను."

మోహన్ గారు కాసేపు ఫోన్ వైపు చూసుకున్నారు. తర్వాత, "ఇది టీమ్ ఫెయిల్యూర్" అని, అందర్నీ పనికి పంపేశారు. ఒకరిది అనుకున్నంతసేపూ తప్పుకు ఒక పేరుంది. అందరిదీ అని తేలాక ఇంగ్లీషు మాట దొరికింది. తనదీ అందులో ఉందన్న సంగతి ఆయన తలకు తట్టలేదు.

అంతటితో ఊరుకోలేదు. నాలుగు రోజులాగి నన్ను పిలిచి, యాదమ్మను తీసేద్దాం, ఆమెలో నెగటివ్ ఎనర్జీ ఉంది అన్నారు.

"తీసేయండి సార్. ఆమెతో పాటు రావల్కోల్ ఆటో కూడా రాదు. రేపటినుంచి బెల్టు దగ్గర మీరొకవైపు, నేనొకవైపు కూర్చుందాం. నాకు కళ్లద్దాలు ఉన్నాయి, మీరు కూడా తెచ్చుకోండి" అన్నాను.

మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ సీజన్ అవగానే ఆయనకు హైదరాబాదు ఆఫీసులో ఇంకా పెద్ద పదవి వచ్చింది. రిసార్టులో ఆయన వెనక్కి పడుతున్న ఫోటోను ఇంటర్నెట్లో పెట్టి, పడిపోతే పట్టుకునే సంస్కృతిని తాను నిర్మించానని రాసుకున్నారు. కింద వందలమంది అభినందనలు. ఇప్పుడు కాలేజీల్లో మాట్లాడుతున్నారని విన్నాను. మా కాలనీ పిల్లల చెవుల్లో ఉన్నది ఆయనే అయినా నేను ఆశ్చర్యపోను.

నేను చేసినవి

తర్వాత ప్లాంటు నాకు అప్పజెప్పారు. నేను చేసింది చెబితే మీరు నిరాశపడతారు. ఉదయం మీటింగ్ తీసేశాను. బోర్డు పీకించాను. లైన్ ఎవరైనా ఆపితే వాళ్లను నా దగ్గరికి పిలవకుండా నేనే అక్కడికి వెళ్లేదాన్ని. ముందు ఏమైందో చూసేదాన్ని. ఊరికే ఆపినట్టు తేలినా, ఆపి మంచిపని చేశావనేదాన్ని. కొత్తలో ఎవరూ నమ్మలేదు. నన్ను పరీక్షించడానికే ఆపినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లతోనూ అదే అన్నాను, పళ్లు కొరుక్కుంటూ. నమ్మకం ఒక ఆటతో వస్తుందనుకునేవాళ్లకు ఈ పళ్లు కొరుక్కోవడం సంగతి తెలియదు.

మెచ్చుకోవాల్సి వస్తే చేసిన పని పేరు చెప్పి మెచ్చుకున్నాను. సూపర్, ఎక్సలెంట్ లాంటివి నా నోట రాలేదు. తిట్టాల్సి వస్తే గది తలుపు వేసి తిట్టాను. తిట్టాను కూడా, బాగానే. మెత్తగా ఉండటమే మంచితనమని మీకెవరైనా చెబితే నమ్మకండి. చెప్పినా మళ్లీ తడిగింజను మిషన్లో పోసినవాడిని లాలించాల్సిన పనిలేదు.

శ్రీశైలానికి కొత్త ఆపరేటర్లను అప్పగించాను. "నాకు చెప్పుడు రాదు మేడం" అన్నాడు. చెప్పొద్దు, పక్కన నిలబెట్టుకో అన్నాను. అతనికి కోపం ఎక్కువ, ఇద్దరు పారిపోయారు. మూడోవాడు నిలబడ్డాడు. మనుషుల్ని పెంచడమంటే అందరూ పెరుగుతారని కాదు.

ప్రణీత్ సంగతే కష్టమైంది. ఆ మీటింగ్ తర్వాత వాడు ప్రతి చిన్నదానికీ నన్ను అడగడం మొదలుపెట్టాడు. మోహన్ గారి భయం పోయి, తానుగా ఏదైనా నిర్ణయించాలంటే భయం పట్టుకుంది. అడిగినదానికల్లా జవాబు చెబుతూ పోతే నేనింకో కృష్ణారావునవుతానని తెలుస్తూనే ఉంది. అందుకని నిండు సీజన్లో సెలవు పెట్టి తెనాలిలో మా చెల్లెలింటికి వెళ్లాను. పై ఆఫీసు వాళ్లు నాకు మతిపోయిందనుకున్నారు.

మూడో రోజు ప్రణీత్ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఫోన్ మంచం మీద పెట్టి, చెల్లెలితో కలిసి గోంగూర తుంచుతూ కూర్చున్నాను. చేతులు పనిచేస్తున్నాయి కానీ మనసంతా మేడ్చల్లోనే ఉంది. మళ్లీ మోగింది. మా చెల్లెలు, "ఎవరో పాపం అంతగా చేస్తున్నారు, మాట్లాడొచ్చుగా" అంది. మాట్లాడలేదు. మూడోసారి మోగలేదు.

తిరిగివచ్చేసరికి ప్లాంటు నడుస్తోంది. ప్రణీత్ భోజనాల వేళలు మార్చేశాడు, బెల్టు వేగం తగ్గించాడు, నేను ఎంతో ఇష్టంగా పెట్టుకున్న షిఫ్టుల ఏర్పాటు తీసేశాడు. అందులో రెండు నాకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అతి కష్టమైన పని అదేనేమో.

మొన్నటి సంగతి

రిటైరయ్యాక చాలాకాలం ప్లాంటు వైపు వెళ్లలేదు. వీడ్కోలు సభలో శాలువాలు కప్పి, నేను లేకపోతే ప్లాంటు బోసిపోతుందన్నవాళ్లను చూస్తే నవ్వొచ్చింది. అదే నిజమైతే నన్ను సన్మానించకూడదు, జీతం వెనక్కి అడగాలి.

మొన్న మా అబ్బాయి కొత్తింటి గృహప్రవేశానికి యాదమ్మను పిలుద్దామని ప్లాంటుకు వెళ్లాను. ఆమె ఆ రోజు పనికి రాలేదు. సరే వచ్చాను కదా అని బెల్టు వైపు నడిచాను. నిండు సీజన్, గేటు బయట లారీలు బారులు తీరి ఉన్నాయి, లోపల బెల్టు మాత్రం ఆగి ఉంది. ఆడవాళ్లు వెనక్కి వాలి కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

పిన్నీసుతో కొంగు బిగించుకున్న, కొత్తగా పెళ్లయినట్టున్న ఒక అమ్మాయి లేచి నాకు ఎదురొచ్చింది. నేనెవరో ఆమెకు తెలియదు.

"అమ్మా, ఈడ నిలబడొద్దు. జర అవుతల్కి జరుగుండ్రి."

"ఏమైందమ్మా, ఆగిపోయింది?"

"ఆగలే, నేనే ఆపిన. గింజ రంగు నాకు మంచిగ అనిపియ్యలే. ప్రణీత్ సారు వస్తాండు సూడనీకి."

"మీ సారు ఏమీ అనడా? బయట అన్ని లారీలున్నాయి."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఈ ముసలామెకు ఏమీ తెలియదనుకున్నట్టుంది.

"ఏమంటడు? సూడనీకే గదా ఆయనుండేది" అంది.

నేను అవతలికి జరిగి నిలబడ్డాను.